శుక్లము తీయించుకొన్న కంటికి ఏ లెన్సు తగును?

మామిడికోతలు ముగిసి, మిరపనారు పోయుటకు ఇంకను వ్యవధి యున్న దినములలో రెడ్డిగూడెము, మైలవరము ప్రాంతములనుండియు, నందిగామ, జగ్గయ్యపేట మెట్టగ్రామములనుండియు వృద్ధులు కంటి ఆస్పత్రులకు పోవుట పరిపాటి. అప్పుడు తోటపని యుండదు. కాయ యమ్మిన డబ్బు కొంత చేతిలో నుండును. వెంట వచ్చుటకు కొడుకులకు తీరిక దొరకును. శుక్లములకు శస్త్రము చేయించుకొనవలెనని నిశ్చయించుకొని పోయిన రైతునకు అచ్చట ఎదురగు ప్రశ్నలలో కష్టమైనది నొప్పినిగూర్చినది కాదు. "లోపల ఏ లెన్సు వేయమందురు?" అని యడుగుదురు. ఒక పట్టిక చేతికిత్తురు. అందు ఐదారు పేర్లు, ఒకదానికంటె నొకటి హెచ్చు వెలలు. పేర్లన్నియు ఇంగ్లీషు పేర్లే. తండ్రి కొడుకు మొగము చూచును. కొడుకు, "నాయనకు మంచిదే వేయండి" అనును. మంచి దనగా వెల హెచ్చైనది యని యిద్దరును తలతురు.

విత్తనము కొనునప్పుడు మన మిట్లు చేయము. నేల యెట్టిది, నీరెంత, కోతకు ఎన్నాళ్లు పట్టును అని విచారించియే కొందుము. మాగాణికి మేలైన విత్తనము మెట్టచేనికి పనికిరాదు. అది విత్తనముయొక్క దోషము కాదు. కంటిలో నుంచు లెన్సు సంగతియు అట్టిదే. అన్నిటికంటె మంచి లెన్సు అనునది లేదు. ఎవరి కంటికి, ఎవరి పనికి ఏది తగునో అదియే మంచిది. ఈ సంగతి ఆస్పత్రి గడప తొక్కకముందే తెలిసియున్నచో అనవసరపు వ్యయమును, అంతకంటె ముఖ్యముగా పిదప కలుగు ఆశాభంగమును తప్పించుకొనవచ్చును. అందుకొఱకే సభ్యులకు ఈ విషయమును కొంత వివరముగా వ్రాయుచున్నాము.

కంటిపాప వెనుక స్వచ్ఛమైన చిన్నబిళ్ళ యొకటి గలదు. అది మసూరుపప్పు ఆకారములో నుండును. లాటిను భాషలో ఆ పప్పునకు లెన్సు అని పేరు గనుక దీనికిని ఆ పేరే వచ్చినది. వెలుగును వంచి కంటివెనుక నున్న తెరపై సరిగా పడునట్లు చేయుట దాని పని. యౌవనమున నిది మెత్తగా నుండి, దూరము చూచునప్పుడు పలుచబడుచు, దగ్గర చూచునప్పుడు ఉబ్బుచు, క్షణములో సర్దుకొనుచుండును. 40 ఏండ్లు దాటిన పిదప గట్టిపడుటచే ఆ సర్దుబాటు తగ్గిపోవును. సూదిలో దారమెక్కించుటకు చేయి దూరముగా చాచవలసివచ్చుట అందుచేతనే. అంతవఱకు కండ్లజోడుతో సరిపోవును. ఆ బిళ్ళయే మఱికొన్ని యేండ్లకు మసకబాఱినయెడల శుక్లమందురు. మనవారు "పొర వచ్చినది" అందురు గాని, అది కంటిపైకి ప్రాకిన పొర కాదు; లోపలి బిళ్ళయే చెడుట. కావున పైనుండి పోసిన చుక్కలమందు గాని, ఆకుపసరు గాని, తేనె గాని దానిని కరగింపజాలవు. పసరులు పోసి నల్లగ్రుడ్డు పుండుపడి, శస్త్రముతో నయము కావలసిన కన్నును శాశ్వతముగా పోగొట్టుకొన్నవారు గలరు.

"ఇంకను ముదరనిండు" అను మాటయు పూర్వకాలమునాటిది. ఆనాటి శస్త్రపద్ధతికి బిళ్ళ బాగుగా ముదిరియుండుట అనుకూలముగా నుండెడిది. ఇప్పుడట్లు కాదు. అతిగా ముదిరిన శుక్లము రాయివలె గట్టిపడి తీయుటకు కష్టమగును. కొందఱిలో కంటిలోపలి ఒత్తిడి పెరిగి, తీవ్రమైన నొప్పితో చూపునే హరించును. చేయుపనికి చూపు చాలనప్పుడే శస్త్రమునకు సమయము వచ్చినట్లు.

ఈ లెన్సు లెక్కడనుండి వచ్చినవో చెప్పక తప్పదు. ఏల యనగా, లెన్సు లేని కాలమున మన పెద్దలు పడిన యిబ్బంది తెలిసిననే గాని సామాన్యమైన లెన్సుయొక్క విలువ తెలియదు. సుశ్రుతుని గ్రంథమునందే శుక్లమునకు శస్త్రము చెప్పబడినది. కాని ఆ పద్ధతిలో మసక బిళ్ళను పనిముట్టుతో పాపకు అడ్డు లేకుండ లోనికి త్రోయుటయే గాని వెలికి తీయుట లేదు. బిళ్ళను వెలికి తీయు పద్ధతిని ఫ్రాన్సు దేశమున జాక్ దావియెల్ అను వైద్యుడు 1747లో ఆరంభించెను. తీయుట బాగుగనే యుండెను. తీసిన చోట ఏమి యుంచవలెను? రెండువందల యేండ్లు ఏమియు నుంచలేదు. బిళ్ళ పోయిన కంటికి వెలుగు వచ్చును గాని రూపము నిలువదు. దానికి బదులుగా సుమారు 10 పవరు గల దళసరి కండ్లజోడు ఇచ్చెడివారు. సోడాబుడ్డి అద్దములని మన ఊళ్ళలో పిలిచినవి ఇవియే. వానిలోనుండి చూచిన ప్రతివస్తువును ఉన్నదానికంటె పావువంతు పెద్దదిగా, దగ్గరగా కనబడును. చెంబు పట్టబోయిన చేయి గాలిని పట్టును. ప్రక్కచూపు లేక, గట్టుమీద నడచువానికి ప్రక్కనుండి వచ్చు ఎద్దు ఒక్కసారిగా ఎదుట పుట్టినట్లుండును. ఒక కంటికి మాత్రమే శస్త్రమైనచో రెండు కండ్లు రెండు పరిమాణములలో చూపించును గనుక రెంటిని కలిపి చూచుట అసాధ్యము. ఆ జోడు పగిలినదా, మరల గ్రుడ్డితనమే.

ఈ చిక్కును విడదీసినవాడు హెరాల్డ్ రిడ్లీ అను ఇంగ్లీషు వైద్యుడు. రెండవ ప్రపంచయుద్ధమున విమానముల గాజువంటి కప్పులు పగిలి, వాని తునుకలు విమానచోదకుల కండ్లలో గ్రుచ్చుకొన్నను కన్ను వానిని సహించియుండుట ఆయన గమనించెను. ఆ కప్పులు గాజు కాదు. ఒకవిధమైన గట్టి ప్లాస్టిక్కు. దానితోనే చిన్న లెన్సు చేయించి, 1949 నవంబరు 29వ తేదీన లండనులోని సెంట్ థామస్ ఆస్పత్రిలో 45 ఏండ్ల స్త్రీ కంటిలో నుంచెను. తోటి వైద్యులు చాలమంది కంటిలో పరాయివస్తువు నుంచుట తప్పని చాలకాల మాయన నెదిర్చిరి. నేడు లోకమున ఏటేట కోట్లకొలది కండ్లకు జరుగుచున్నది ఆయన పనియే.

మన దేశమున ఈ లెన్సు సామాన్యునకు చాలకాలము అందలేదు. విదేశములనుండి రావలసియుండుటచే వెల హెచ్చుగా నుండెడిది. 1992లో మధురలో అరవింద కంటి ఆస్పత్రివారు ఆరోల్యాబ్ అను కర్మాగారమును నెలకొల్పి స్వదేశముననే లెన్సులు చేయ నారంభించిన పిదప వెల బాగుగా దిగెను. ప్రపంచబ్యాంకు సాయముతో 1994 మొదలు 2002 వఱకు ఏడు రాష్ట్రములలో శుక్లములవలని అంధత్వ నివారణకు నడచిన కార్యక్రమమున మన ఆంధ్రప్రదేశమును చేరియుండెను. బడి వసారాలలో శిబిరములు పెట్టి బిళ్ళ తీసి సోడాబుడ్డి అద్దము లిచ్చి పంపు పద్ధతి ఆ కాలముననే వెనుకబడి, ఆస్పత్రిలో లెన్సు వేయు పద్ధతి స్థిరపడినది.

హైదరాబాదులో 1987లో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్. వి. ప్రసాదు కంటి వైద్యసంస్థవారు 1996 మొదలు 2000 వఱకు మన రాష్ట్రమున పదివేలమందికి పైగా జనుల కండ్లను పరీక్షించిరి. నూటికి 1.84 మంది అంధులని తేలెను. ఆ అంధత్వమున నూటికి 44 పాళ్ళు శుక్లములవలననే. మఱియు పేదలయందును, పల్లెలయందును, స్త్రీలయందును అది హెచ్చుగా నున్నదని కనుగొనిరి. స్త్రీల సంగతి ప్రత్యేకముగా గమనింపదగినది. చేనికి పోవు మగవాని చూపు తగ్గినచో ఇంటిల్లిపాదియు కదలుదురు. పొయ్యియొద్ద తడుముకొను ముసలమ్మను "ఇంటనే గదా యుండునది" అని ఏండ్లతరబడి ఉపేక్షింతురు.

ఇక లెన్సుల విచారణకు వత్తము. అన్నిటికంటె ముందు చెప్పవలసినది పట్టికలో లేని సంగతి. అది కొలత. పెద్దవారి కన్ను ముందునుండి వెనుకకు సుమారు 23, 24 మిల్లీమీటర్లుండును. ఈ పొడవును, నల్లగ్రుడ్డు వంపును కొలిచి, ఆ లెక్కనుబట్టి ఏ పవరు లెన్సు వేయవలెనో నిర్ణయింతురు. పొడవులో ఒక్క మిల్లీమీటరు తప్పినచో పవరులో రెండున్నర మొదలు మూడు వఱకు తేడా వచ్చును. అనగా శస్త్ర మెంత చక్కగా జరిగినను దూరము చూచుటకే కండ్లజోడు తప్పదు. కొలత తప్పిన కంటిలో ఎంత వెలగల లెన్సు వేసినను అంతే. కొలత సరియైన కంటిలో సామాన్యపు లెన్సు చక్కని చూపునిచ్చును. కావున వెలలపట్టిక చూచుటకుముందు, "కన్ను కొలిచినారా? రెండు కండ్లును కొలిచినారా?" అని యడుగవలెను. వెలుగుతో కొలుచు యంత్రములు సూక్ష్మముగా కొలుచును గాని, బాగుగా ముదిరిన శుక్లముగుండ ఆ వెలుగు పోదు. అట్టివారికి ధ్వనితరంగములతో కొలువవలసివచ్చును. ముదరనీయకుండుటకు ఇదియు నొక కారణము.

పట్టికలో కనబడు తేడాలు రెండు తెఱగులు. లెన్సు ఏ పదార్థముతో చేయబడినది యనునది ఒకటి. అది ఏ దూరమును చూపించును అనునది రెండవది. రెంటిని కలిపి చెప్పుటచేతనే మనకు గందరగోళము కలుగుచున్నది.

పదార్థమునుబట్టి గట్టి లెన్సు, మడతపడు లెన్సు అని రెండు. గట్టిది రిడ్లీ వాడిన జాతి ప్లాస్టిక్కుతో చేసినది. అది మడవరాదు గనుక కంటిలో సుమారు 6 మిల్లీమీటర్ల దారి కావలెను. మడతపడు లెన్సును చుట్టి 2, 3 మిల్లీమీటర్ల రంధ్రముగుండ పంపి లోపల విప్పుదురు. ఈ చిన్న రంధ్రపు శస్త్రమున బిళ్ళను ధ్వనికంపముతో నలుగగొట్టి పీల్చివేయుదురు. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ అను వైద్యుడు కనిపెట్టిన పద్ధతి యిది. దీనినే "ఫేకో" అందురు. పెద్ద దారి చేయు శస్త్రమున కూడ నేడు కుట్లు వేయుట లేదు. దారిని వాలుగా త్రవ్వుటచే అది తనంతట మూసికొనును. ఫేకోలో కన్ను త్వరగా కోలుకొనును, నల్లగ్రుడ్డు వంపు తక్కువగా మాఱును. ఐనను రెండవది తక్కువరకపు శస్త్రమని యెంచరాదు. నేపాలమున డాక్టరు సందుక్ రుయిత్‌గారును వారి తోటివారును ముదురు శుక్లములుగల 108 మందిపై రెండు పద్ధతులను పోల్చి 2007లో ప్రకటించిరి. ఆఱు నెలల పిదప, కండ్లజోడు లేకుండ పనికి చాలినంత చూపు కుట్లులేని పెద్దదారి పద్ధతిలో నూటికి 89 మందికిని, ఫేకోలో 85 మందికిని కలిగెను. తగిన అద్దములు పెట్టిన పిదప రెండు వర్గములలోను నూటికి 98 మందికి చూపు కుదిరెను. రాయివలె గట్టిపడిన శుక్లము గలవానికి వైద్యుడు పెద్దదారి పద్ధతిని సూచించినచో తన్ను చులకన చేసినాడని అనుకొనవలదు.

మడతపడు లెన్సులలో నీటిని పీల్చునవి, పీల్చనివి అని భేదము గలదు. నీటిని పీల్చని జాతివానిలో, అంచు పదునుగా చతురముగా నున్నవానిలో, కొన్నాళ్ళకు లెన్సు వెనుక మసక క్రమ్ముట తక్కువ. వెలలో కొంత తేడాకు ఇది న్యాయమైన కారణమే. ఇంతకంటె ఈ విషయమున పట్టి విచారింపవలసినది లేదు. లెన్సుకు పసుపుచాయ వేసి కంటితెరను కాపాడునని చెప్పుదురు. అట్లు కాపాడునని ఇంతవఱకు రుజువు లేదు.

అసలు తూచవలసినది రెండవ తేడా. మనిషి చేసిన లెన్సు మన పుట్టుబిళ్ళవలె ఉబ్బదు, పలుచబడదు. కావున ఒక లెన్సుకు ఒక దూరమే. దీనిని ఏకదృష్టి లెన్సు అందము. ఆస్పత్రిలో "మోనోఫోకల్" అందురు. సాధారణముగా దూరమునకు సరిపెట్టి వేయుదురు. ఇది వేయించుకొన్న రైతు, కండ్లజోడు లేకుండ, కొమ్మ చివరనున్న కాయను చూచి చిక్కము సరిగా తగిలించగలడు, గట్టుమీద నడువగలడు, ఎదుటివాని మొగము గుర్తించును, నిలువబడి చూచినచో పాదములయొద్దనున్న మిరపమొక్క ఆకుముడుత కనబడును, కాటాపై అంకె నాలుగడుగులనుండి చదువగలడు. కాని పురుగుమందు సీసాపై చిన్న అక్షరములు, సెల్లుఫోనులోని సందేశము, పాసుపుస్తకములోని పద్దు, బియ్యములో రాళ్ళు మాత్రము కనబడవు. వానికి రెండు రెండున్నర పవరు గల చదువుకండ్లజోడు కావలెను. అది చవకగా దొరకునది. పగిలినను మఱొకటి కొనవచ్చును. సోడాబుడ్డి అద్దమువలె ప్రాణాధారము కాదు. మనవంటి పనివారిలో నూటికి చాలమందికి ఈ లెన్సే తగినదని మా అభిప్రాయము. వైద్యులు ఎక్కువగా వేయునదియు ఇదియే.

ఐతే దూరమునకే సరిపెట్టవలెనని నియమము లేదు. బట్టలు కుట్టువారు, నేతపనివారు, కంసాలులు, రోజంతయు లెక్కలు వ్రాయువారు దగ్గరకు సరిపెట్టుమని కోరవచ్చును. అప్పుడు దూరమునకు కండ్లజోడు పెట్టుకొందురు. చిన్నప్పటినుండి దూరపుచూపు తక్కువై, చదువుటకు మాత్రము ఏ అద్దమును అక్కఱలేకున్నవారు ఈ సంగతి వైద్యునితో తప్పక చెప్పవలెను. వారికి మామూలుగా దూరమునకు సరిపెట్టినచో, జన్మమంతయు ఉట్టికంటితో చదివిన వారు శస్త్రము మఱునాటినుండి చదువలేక, కన్ను చెడగొట్టిరని విచారింతురు. చెడగొట్టుట కాదు, ముందు మాట్లాడుకొనకపోవుట. ఒక కంటిని దూరమునకు, రెండవ కంటిని కొంత దగ్గరకు సరిపెట్టు పద్ధతియు నున్నది. ఖర్చు పెరుగదు, కొందఱికి బాగుగా కుదురును, కొందఱికి తల తిరిగినట్లుండును. ముందు అద్దములు పెట్టి పరీక్షించి చూచుట మేలు.

కొందఱి నల్లగ్రుడ్డు బంతివలె గుండ్రముగా నుండక, కోడిగ్రుడ్డు ప్రక్కవలె ఒక దిక్కున హెచ్చుగా, మఱొక దిక్కున తక్కువగా వంగియుండును. వారికి ఏ దూరమునను గీతలు సాగినట్లు కనబడును. ఇట్టి కంటికి వంకర దిద్దు లెన్సు గలదు; "టోరిక్" అందురు. కొలతలో ఈ వంకర ఒక పవరుకు మించియున్నవారికి, దూరము చూచుటకు కండ్లజోడు వద్దనుకొన్నవారికి, ఇందుకు పెట్టిన డబ్బు వ్యర్థము కాదు. దీనిని కంటిలో సరియైన కోణమున నిలుపుట ముఖ్యము. పది డిగ్రీలు తిరిగినచో ప్రయోజనములో మూడవవంతు పోవును. ముప్పది డిగ్రీలు తిరిగినచో అంతయు పోవును. వంకర తక్కువగా నున్నవానికి ఈ లెన్సు అక్కఱలేదు. వంకర యున్నను కండ్లజోడుకు అభ్యంతరము లేనివాడు ఆ వంకరను జోడులోనే దిద్దించుకొనవచ్చును. ఎండలో దుమ్ములో పనిచేయువారికి తెల్లగ్రుడ్డునుండి నల్లగ్రుడ్డుమీదికి కండ ప్రాకుట మన ప్రాంతమున చూచుచునే యున్నాము. అదియు నల్లగ్రుడ్డును లాగి వంకర చేయును. అట్టి కండ పెద్దదిగా నున్నప్పుడు ముందు దానిని తీయించి, కన్ను కుదుటపడిన పిదప కొలిపించుకొనవలెను. లేనిచో కండవలని వంకరను లెక్కగట్టి లెన్సు వేసినట్లగును.

ఇక పట్టికలో అన్నిటికంటె పైవెల గలవి, "అన్ని దూరములును కనబడును, కండ్లజోడే అక్కఱలేదు" అని చెప్పబడు బహుదృష్టి లెన్సులు. మల్టీఫోకల్, ట్రైఫోకల్ అని వాని పేర్లు. అవి మోసము కావు. నిజముగనే చాలమంది వానితో కండ్లజోడు మానివేసినారు. కాని అవి యెట్లు పనిచేయునో తెలిసికొనవలెను. చెఱువు తూములో వచ్చు నీరు ఎంతయో అంతయే. దానిని ఒక్క కాలువకు విడిచినచో నిండుగా పాఱును; మూడు కాలువలకు పంచినచో మూడును పాఱును గాని ఏదియు నిండదు. బహుదృష్టి లెన్సు కంటిలోనికి వచ్చు వెలుగును దూరమునకు కొంత, మధ్యకు కొంత, దగ్గరకు కొంత పంచిపెట్టును. పట్టపగలు వెలుగు సమృద్ధిగా నున్నప్పుడు ఈ పంపకము తెలియదు. సందెచీకటిలో, మంచులో, మబ్బులో నలుపు తెలుపుల భేదము మందగించును. మఱియు రాత్రి దీపముల చుట్టు వలయములు, చారలు కనబడును. కొందఱికి కొన్ని నెలలలో ఆ వలయములు అలవాటైపోవును, కొందఱికి కావు.

మిరపబస్తాలతో రాత్రివేళ గుంటూరు యార్డునకు బండి తోలుకొని పోవువాడు, తెల్లవారకముందే నున్న మామిడిమార్కెటునకు ట్రాక్టరు నడుపువాడు, చీకటిలో మోటారు వేయుటకు బావికి పోవువాడు ఈ సంగతి బాగుగా ఆలోచింపవలెను. హైదరాబాదు రహదారిమీద ఎదురుగా వచ్చు లారీదీపము చుట్టు చక్రములు కనబడుచుండగా ద్విచక్రవాహనము నడుపుట ఎట్టిదో వేఱుగా చెప్పనక్కఱలేదు. దీనికి భిన్నముగా, రాత్రి ప్రయాణము లేక, పగలు అంగడిలో కూర్చుండి ఒకమాఱు సరకును, ఒకమాఱు చీటీని, ఒకమాఱు వీధిని చూడవలసిన వర్తకునకు, తఱచు జోడు తీసి పెట్టుట విసుగైనవానికి, కన్ను ఇతరవిధముల ఆరోగ్యముగా నున్నచో, ఇది సుఖముగా నుండవచ్చును. నడిమిరకములును కొన్ని గలవు. దృష్టిని దూరమునుండి చేయిపొడవు వఱకు సాగదీయునవి కొన్ని. వానిలో వలయములు తక్కువ గాని సన్నయక్షరములకు చదువుజోడు అప్పుడప్పుడు కావలసివచ్చును. ఏకదృష్టి లెన్సునే నడుమ కొంచెము మార్చి, చేయిపొడవు చూపు కొంత మెఱుగగునట్లు చేసినవియు ఈ నడుమ వచ్చినవి. రాత్రిచూపు చెడకూడదు, కొంత సౌకర్యము కావలెను అనువారు, వెల తమకు అందినచో, ఈ చివరి రకమునుగూర్చి వైద్యుని అడిగి చూడవచ్చును.

బహుదృష్టి లెన్సు వేయకూడని కండ్లు కొన్ని గలవు. మధుమేహమువలన కంటితెర చెడినవారు, నీటికాసులచే నరము దెబ్బతిన్నవారు, నల్లగ్రుడ్డుపై మచ్చ గలవారు, తెరనడుమ వార్ధక్యదోషము గలవారు దాని జోలికి పోరాదు. వారి కంటికి అందు వెలుగే తక్కువ. దానిని మూడు పాళ్ళు చేసిన నేమి మిగులును? ఇట్టివారికి ఏకదృష్టి లెన్సే క్షేమము. అసలు తెరయు నరమును చెడియున్నచో ఏ లెన్సును పూర్తిచూపు నీయజాలదు. ఈ మాట శస్త్రమునకు ముందే వైద్యునినుండి వినవలెను. పాపను పెద్దది చేయు చుక్కలు వేసి తెరను పరీక్షించినారా లేదా యని యడుగుట రోగి హక్కు. మధుమేహమున్నట్లు తెలిసియు చెప్పక దాచువారున్నారు. శస్త్రము వాయిదా వేయుదురని భయము. వాయిదా వేసినను నష్టము లేదు.

డబ్బు సంగతి. ప్రభుత్వ ఆస్పత్రులలోను, 1976లో ఆరంభమైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమముతో సంబంధముగల ధర్మాస్పత్రులలోను శుక్లమునకు శస్త్రమును లెన్సును ఉచితముగా దొరకును. మనకు దగ్గరలో విజయవాడయొద్ద తాడిగడపలో ఎల్. వి. ప్రసాదు సంస్థవారి ఆస్పత్రి 2011 నుండి యున్నది. ఇచ్చుకొనలేనివారికి అచ్చట వెల లేకుండ చికిత్స చేయుదురు. గుంటూరు త్రోవలో పెదకాకానియొద్ద శంకర కంటి ఆస్పత్రి గలదు. ఉచితముగా వేయునది ఏకదృష్టి లెన్సు. అది ఉచితము గనుక మసకగా చూపునని భ్రమపడవలదు. దూరపుచూపు విషయమున కొలత సరిపోయిన ఏకదృష్టి లెన్సును మించినది పైవెలల పట్టికలో లేదు. పైవెల కొనిపెట్టునది చూపుయొక్క తేటదనమును కాదు, కండ్లజోడు పెట్టుకొను శ్రమనుండి కొంత విడుదలను. ఆ విడుదలకొఱకు నూటికి మూడు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చుట గాని, ఎరువులకు విత్తనములకు సంఘమునుండి తీసికొన్న పంట అప్పును మళ్లించుట గాని మాకు యుక్తముగా తోచదు. మిగులుబాటు డబ్బున్నవాడు తన యిష్టమువచ్చినట్లు వేయించుకొనవచ్చును. ఒక కంటికి పైవెల లెన్సు వేయించి, డబ్బు చాలక రెండవ కంటిని అట్లే విడుచుటకంటె, రెండు కండ్లకును సామాన్యపు లెన్సు వేయించుకొనుట ఎంతయో మేలు. నాయనకు హెచ్చువెల లెన్సు వేయించి అమ్మ శస్త్రమును వచ్చే యేటికి త్రోయు ఇండ్లవారు ఈ లెక్కను మరల వేసికొందురు గాక.

వెల మాట్లాడునప్పుడు శస్త్రము, లెన్సు, పరీక్షలు, తరువాతి చుక్కలమందులు అన్నియు కలిపి ఎంతయగునో కాగితముపై వ్రాయించుకొనవలెను. "నా కంటి కొలతలనుబట్టి ఈ లెన్సు ఏల తగును?" అని యడిగినచో మంచి వైద్యుడు విసుగుకొనడు.

శస్త్రమునకు పట్టు సమయము సాధారణముగా అరగంటకు లోపలనే. కన్నుమాత్రము మొద్దుబాఱునట్లు చేయుదురు. నాడే ఇంటికి రావచ్చును. తరువాత నెల దినములకు పైగా చుక్కలు వేసికొనవలెను. తలస్నానము, మందు పిచికారి, కళ్ళములో దుమ్ముపని ఎప్పుడు మొదలుపెట్టవలెనో వైద్యుని అడిగియే మొదలుపెట్టవలెను. మొదటి దినములలో కన్ను ఎఱ్ఱబడి, నొప్పి పెరిగి, వచ్చిన చూపు తగ్గినట్లైనచో అది లోపల చీము పట్టుటకు గుర్తు కావచ్చును. తెల్లవారువఱకు ఆగక ఆ గంటనే ఆస్పత్రికి పోవలెను. కొందఱికి కొన్ని నెలలకో, ఏండ్లకో చూపు మరల మసకగును. శుక్లము మరల వచ్చినదని వారు బెదరుదురు. తీసిన బిళ్ళ మరల పుట్టదు. లెన్సును మోయుచున్న సన్నని సంచి వెనుకభాగము మసకబాఱుటయే అది. లేజరు వెలుగుతో దాని నడుమ రంధ్రము చేసి కొన్ని నిమిషములలో సరిచేయుదురు. కోత లేదు, లెన్సు మార్చుట లేదు.

లెన్సు పెట్టెపై దాని పేరు, పవరు, వరుస అంకె ముద్రించిన చీటీ యుండును. దానిని అడిగి తీసికొని పట్టాదారు పాసుపుస్తకముతోపాటు పెట్టెలో దాచుకొనవలెను. రెండవ కంటికి శస్త్రము చేయించునాడు, ఆస్పత్రి వేఱైనను, మొదటి కంటిలో ఏమి వేసిరో, అది ఎంతవఱకు సరిపోయినదో ఆ చీటీనిబట్టియు నాటి చూపునుబట్టియు కొత్త వైద్యుడు లెక్క వేసికొనును.